వేదవతి చెంతకు ఒక పగటి యాత్ర

పంచాంగాన్నీ, ప్రభుత్వ సెలవుల పట్టికనూ పక్కపక్కన పెట్టుకుని చూడడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. 2025లో ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది. మర్నాడు శ్రావణ శనివారం, దానికి తోడు కృష్ణాష్టమి. ఆపైన ఆదివారం. 2026 పంచాంగంలో చూస్తే ఆగస్టు 15 శ్రావణ మాసపు తొలి శనివారం. ఇలాంటి రోజుల్లో ఇంటిల్లిపాదీ కలిసి బయలుదేరి, దైవదర్శనం చేసుకుని, కాసేపు నీటి ఒడ్డున కూర్చుని, పొద్దు గుంకేలోగా ఇల్లు చేరుకోవాలని ఎవరికి ఉండదు?

గోదావరి, కృష్ణా తీరాల వారికి ఇందులో ఆలోచించవలసినది అంతగా లేదు. వారి నది ఎక్కడికీ పోదు. అనంతపురం పీఠభూమి మీద నివసించే మనకు మాత్రం ఏ చెరువుకు వెళ్దామనే ప్రశ్న కంటే ముందుగా ఏ చెరువులో నీరున్నదనే ప్రశ్న వస్తుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన కురిసే జిల్లా ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. చెరువు మరవ పారిన రోజున ఇక్కడి ఊళ్లలో పండుగే. ఆడపడుచులు పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ చేటలో పెట్టుకుని గంగమ్మకు సమర్పించడానికి కట్ట మీదికి బయలుదేరతారు. నిండిన నీటిని కళ్లారా చూడబోవడమే మనకొక తీర్థయాత్ర.

అటువంటి యాత్రకు అనువైన చోటు రాయదుర్గం సమీపాన ఉన్న గుమ్మఘట్ట. అయితే ముందుచూపు లేకుండా వెళ్తే ఆ యాత్ర ఎంత నిరాశ మిగులుస్తుందో మా ఇంటివారికి తెలిసినంతగా మరొకరికి తెలియదేమో. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందుగా చోటు సంగతి.

అఘాన్ని హరించే ఏరు

గుమ్మఘట్ట, బ్రహ్మసముద్రం మండలాల నడుమ వేదవతి నదికి అడ్డంగా భైరవానితిప్ప జలాశయం ఉన్నది. చుట్టుపక్కల వారు బీటీపీ అని పిలిచేది దీనినే. 1960ల ఆరంభం నుంచి ఈ కట్ట నిలిచి ఉంది. నిండితే రెండు టీఎంసీల నీరు, దాని కింద పన్నెండు వేల ఎకరాల ఆయకట్టు. నిండితే అన్న మాటను మీరు కాస్త నొక్కి చదువుకోవాలి. ఆ ఆయకట్టు రైతులు ఎన్నో సంవత్సరాలు కాలువలో నీటికి బదులు జిల్లేడు పూలను చూసినవారే.

వేదవతి కర్ణాటకలోని బాబాబుడన్ గిరుల్లో పుడుతుంది. వేద, అవతి అనే రెండు ఏరులు కడూరు ప్రాంతంలో కలిసి ఒక్కటై వేదవతి అవుతాయి. చిత్రదుర్గం సీమను దాటి మన జిల్లాలోకి అడుగుపెట్టి, గుమ్మఘట్ట, బ్రహ్మసముద్రం, కణేకల్లు ప్రాంతాల మీదుగా మళ్లీ బళ్లారి సీమకు పోయి తుంగభద్రలో లీనమవుతుంది. దిగువన దీనికి హగరి అని పేరు. అఘం అంటే పాపం, దానిని హరించేది గనుక అఘహరి, అదే వాడుకలో హగరి అయిందని పెద్దలు చెబుతారు. ఉత్తరకాండలోని వేదవతిని, రావణుని శపించి సీతగా అవతరించిన ఆ తపస్వినిని, ఈ నదితో ముడిపెట్టి చెప్పుకునేవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఇసుకలో తపస్సు చేసి ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యే ఈ ఏటిని చూస్తే ఆ పేరు తగినదే అనిపిస్తుంది.

ఊరి పేరులోనూ ఘట్టమున్నది. ఘట్టమంటే స్నానపు రేవు. ఊరి పేరుకు అదే మూలమని పంతం పట్టనక్కరలేదు గానీ, రేవు అనే మాటను ఊరి పేరులో వింటూ నీటి కోసం ఆకాశం వైపు చూసే ఊరిలోకి అడుగుపెట్టినప్పుడు మనసు ఒక్క క్షణం ఆగుతుంది. ఇక భైరవానితిప్ప అంటే భైరవుని తిప్ప. భైరవుడు క్షేత్రపాలకుడు. కాశీకి వెళ్లినవారు కాలభైరవుని అనుమతి లేనిదే యాత్ర ముగించరు. చెరువు కట్టకూ భైరవునికీ ఉన్న అనుబంధం మన సీమలో కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు నిర్మాణాన్ని వివరించే సుప్రసిద్ధ శాసనం నిలిచింది భైరవాలయం ముందే. నీటిని ఆపిన చోట కావలి దేవుడు ఉండడం సబబే కదా.

ఎప్పుడు వెళ్లాలి?

ఇక్కడ మాత్రం మీరు నిదానించాలి. శ్రావణంలో వర్షాకాలం కదా, జలాశయం నిండుగా ఉంటుందని అనుకోవడం సహజం. అది పొరపాటు. అనంతపురం సీమలో అసలైన వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అంటే భాద్రపద, ఆశ్వయుజాల్లో పడతాయి. పైగా వేదవతి నీరు ముందు హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరాన్ని దాటి రావాలి. మైసూరు సంస్థానం వారు 1898లో మొదలుపెట్టి 1907లో పూర్తిచేసిన ఆ కట్టలో ముప్పై టీఎంసీలు నిలుస్తాయి. కట్ట దగ్గరే కణివె మారమ్మ గుడి ఉంది. ఆ సాగరం 1933లో ఒకసారి పొర్లింది. మళ్లీ 2022 సెప్టెంబరు ఆరంభంలో పొర్లింది. నడుమ ఎనభై తొమ్మిది సంవత్సరాలు! ఆపై 2025 జనవరిలో ఇంకొకసారి. అంటే మన భైరవానితిప్పకు నీరు రావాలంటే చాలా ఏళ్లు ఆ పై కట్టకు దిగువన కురిసే వానల మీదే ఆధారపడాలి. ఆ సంవత్సరం వానలు ఎలా ఉన్నాయో, జలాశయంలో ఎన్ని అడుగుల నీరున్నదో రాయదుర్గంలోనో కళ్యాణదుర్గంలోనో తెలిసినవారిని అడిగి తెలుసుకున్న తరువాతే తేదీ నిర్ణయించండి. స్థానిక పత్రికల జిల్లా పేజీల్లో నీటిమట్టం వార్త తరచు కనిపిస్తుంది. ముహూర్తం పెట్టించుకునేముందు తారాబలం చూసుకున్నట్టే ఇది కూడా.

శ్రావణానికి మరో ఇబ్బంది ఉంది. శ్రీ వ్యాసరాయల వారు ప్రతిష్ఠించారని ప్రతీతి గల మూడు ఆంజనేయ క్షేత్రాలు మనకు ఉన్నాయి. గుంతకల్లు దగ్గర కసాపురంలో నెట్టికంటి ఆంజనేయుడు, బొమ్మనహాళ్ మండలంలో నేమకల్లు ఆంజనేయుడు, డి.హీరేహాళ్ మండలంలో మురడి ఆంజనేయుడు. శ్రావణ మాసంలో ఈ ముగ్గురినీ ఒకే రోజు దర్శించుకుంటే కోరినది ఈడేరుతుందని భక్తుల విశ్వాసం. శనివారమైతే చెప్పనక్కరలేదు. కర్ణాటక నుంచి కూడా వేలాదిగా తరలివస్తారు. అటువంటి శనివారానికి సెలవు రోజు తోడైనప్పుడు, ఆ మూడు దర్శనాలతో పాటు జలాశయాన్ని కూడా చూసేద్దామని సంకల్పించకండి. నా మాట నమ్మండి, అది జరిగే పని కాదు. మూడు క్షేత్రాల యాత్ర ఒక రోజు, నీటి యాత్ర వేరొక రోజు. మురడి ఒక్కదానికైతే వేదవతితో పొత్తు కుదురుతుంది. ఆ స్వామి కూడా హగరి తీరవాసియే.

ఈ యాత్రకు నేను సూచించేది కార్తీకం. వానలు పడవలసినవి పడి ఉంటాయి. నీరు తేరుకుని ఉంటుంది. ఎండ వాడి తగ్గుతుంది. సూర్యోదయ స్నానం, శివార్చన, వనభోజనం, దీపం నాలుగూ ఒకే పగటిలో అమరే మాసం అది. సెలవు దొరికేది ఆదివారమే గనుక కార్తీకపు ఆదివారాల్లో జనం ఉంటారన్నది నిజమే. దానికి విరుగుడు ఒక్కటే. అందరూ చేరే వేళకు మీరు తిరుగుముఖం పట్టాలి.

మా ఇంటి అనుభవం

కొన్నేళ్ల క్రితం మేమూ ఆ పొరపాటే చేశాము. శ్రావణ శనివారం, పక్కనే సెలవు. అనంతపురంలో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి మూడు క్షేత్రాలూ చూసి, సాయంత్రం భైరవానితిప్పలో అమ్మ చేత గంగపూజ చేయించాలని మా ఆలోచన. అమ్మ పుట్టిల్లు వేదవతి దిగువన ఒక పల్లె. చిన్నతనంలో ఏటికి కొత్త నీళ్లు వచ్చిన రాత్రి ఊరంతా లాంతర్లు పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తిన సంగతి ఆమె మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పటికి ఆమెకు డెబ్బై ఆరు. మోకాళ్లు పట్టేశాయి. చీర కొంగున పసుపు కుంకుమల పొట్లం, ఆరు గాజులు, రవికగుడ్డ ముడివేసుకుని బయలుదేరింది.

మొదటి క్షేత్రంలోనే పదిన్నర దాటింది. రెండో చోటికి చేరేసరికి మధ్యాహ్న విరామం. మూడో చోట వరుసలో నిలబడలేక అమ్మ బయటి అరుగు మీద కూర్చుండిపోయి గోపురానికే దండం పెట్టుకుంది. దారిలో తిండి దొరకలేదు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. జలాశయానికి చేరేసరికి పొద్దు వాలింది. కట్టెక్కి చూస్తే, కనుచూపు మేర నెర్రెలు విచ్చిన ఒండ్రు. నడుమ ఎక్కడో కాసింత మడుగు. మా అన్న మనవడు దాని వైపు పరుగెత్తాడు. పైకి ఎండినట్టు కనిపించిన బురద కింద ఇంకా మెత్తగానే ఉంది. మోకాలి లోతు దిగబడి ఏడుపు లంకించుకున్నాడు. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు చేతికర్ర అందించి లాగకపోతే ఏమయ్యేదో. ఆయనే చెప్పాడు, నీళ్లు చూసి రెండేళ్లయిందని. "అడగకుండా వస్తిరే సామీ" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. పొట్లాన్ని కొంగు ముడిలోంచి తీసి చేతిసంచిలో పెట్టుకుంది. ఆ పొట్లం దేవుడి గూట్లోకి చేరింది. దానిని తీయనివ్వలేదు.

ఈ పొరపాటులో తప్పు ఎవరిదీ కాదు, మాదే. నీరున్నదో లేదో అడగలేదు. ఒక రోజుకు రెండు రోజుల పని పెట్టుకున్నాము. పెద్దావిడనూ, పసివాడినీ ఒకే వేగంతో నడిపించాలనుకున్నాము.

పగలు గడిచే తీరు

ఇప్పుడు మీ యాత్ర సంగతి. అనంతపురం నుంచి రాయదుర్గం సుమారు వంద కిలోమీటర్లు. బళ్లారి నుంచి అందులో సగం, రైలు మార్గమూ ఉంది. బెంగళూరు నుంచి వచ్చేవారు పావగడ, కళ్యాణదుర్గం మీదుగా రావచ్చు గానీ, వారు ఒక్క పగటిలో వచ్చి పోవాలనుకోవడం శరీరానికి అన్యాయం. ముందటి రాత్రి కళ్యాణదుర్గంలోనో రాయదుర్గంలోనో బస చేయడం మేలు. రాయదుర్గం నుంచి గుమ్మఘట్ట వైపు దారి దగ్గరే. వృద్ధులున్న కుటుంబాలు సొంత వాహనమో, అద్దె వాహనమో మాట్లాడుకోవాలి. సెలవు దినాల్లో పల్లె బస్సులను నమ్ముకుంటే చీకటి పడుతుంది.

బ్రాహ్మీముహూర్తంలో లేచి ఇంట్లోనే స్నానం ముగించండి. నది దగ్గర చేద్దాంలే అని వాయిదా వేయకండి. అక్కడ దిగడానికి వీలున్నా లేకున్నా మీ సంకల్పానికి లోపం ఉండదు. ఏడు గంటలకల్లా రాయదుర్గం చేరగలిగితే తొలి దర్శనం దశభుజ గణపతిది. పది చేతుల ఆ విఘ్నేశ్వరుణ్ణి చూసి బయలుదేరడం ఆనవాయితీ మాత్రమే కాదు, ఆ వేళకు అక్కడ ప్రశాంతంగా కూడా ఉంటుంది. తరువాత ప్రసన్న వేంకటరమణ స్వామి. కొండ మీద కోట, సిద్ధుల గుహలు చూడాలని పిల్లలు మారాం చేస్తారు. ఈసారికి వద్దని నచ్చజెప్పండి. కొండెక్కి దిగేసరికి మీ రోజు అక్కడే అయిపోతుంది. మొళకాల్మూరు వైపున జటాయువు నేలకొరిగాడని చెప్పే జటింగ రామేశ్వరం కొండ కూడా ఉంది. దానికీ ఇంకో రోజు కావాలి.

తొమ్మిదిలోగా జలాశయం దగ్గర ఉండండి. ముందుగా కట్ట మీద ఒక చోట నిలిచి నీటికి నమస్కరించండి. పసుపు కుంకుమలు చల్లి హారతి ఇచ్చే ఆచారమున్నవారు ఆ పని ఒడ్డునే చేయాలి. స్నానం విషయంలో నేను కాస్త కఠినంగా చెబుతున్నానని అనుకోవద్దు. ఇది ఘాట్లు కట్టిన పుణ్యనది కాదు, సాగునీటి జలాశయం. మెట్లు లేని చోట లోతు ఎవరికీ తెలియదు. ఒండ్రు తీసుకుపోయిన గుంటలు నీటి కింద కనిపించవు. స్థానికులు దిగే చోటు చూపిస్తే, చీలమండలు తడిసేంత లోతులో నిలిచి చెంబుతో నీరు తలమీద పోసుకోండి. అది స్నానమే. అదీ వీలు కాకపోతే మూడు దోసిళ్లు చల్లుకున్నా మార్జనమనే పేరుతో శాస్త్రం అంగీకరించింది. ఈత వచ్చిన కుర్రవాళ్లను సైతం దిగనివ్వకండి. గేట్ల దరిదాపులకు పోవద్దు. మరీ ముఖ్యంగా, కట్టకు దిగువన ఏటి ఇసుక చల్లగా, అందంగా కనిపిస్తుంది. పిల్లలు ఆడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపిస్తుంది. గేట్లు ఎత్తే రోజుల్లో అక్కడ ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. పైన ఎండ కాస్తున్నా వరద రావచ్చు. ఆ వాన నిన్న రాత్రి ఏ కొండ మీదనో కురిసి ఉంటుంది.

ఇక్కడ మరుగున పడిపోతున్న ఒక ధర్మాన్ని గుర్తుచేయాలి. పరులు తవ్వించిన జలాశయంలో స్నానం చేసేవాడు ముందుగా అందులోంచి ఐదు మట్టి ముద్దలు తీసి ఒడ్డున వేయాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. ఐదు ముద్దలు తీయనిదే దిగకూడదు. చెరువు తవ్వినవాడి శ్రమలో మనమూ ఐదు పిడికిళ్ల పాలు పంచుకోవాలన్నమాట. పూడిక నిండి చెరువులు పళ్లేలవుతున్న మన జిల్లాలో ఈ విధిని ఇంటింటా పాటిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒడ్డున మెత్తటి ఒండ్రు పిడికిట పట్టి ఐదుసార్లు గట్టుకు చేర్చమని పిల్లలకు చెప్పండి. ఉత్సాహంగా చేస్తారు. నీటిలో ఉమ్మడం, మలినం కలపడం మహాదోషమని మనుస్మృతి నాలుగో అధ్యాయం చెప్పిన సంగతి కూడా వాళ్లకు చెప్పవలసినదే.

దానికి కొనసాగింపే దీపాల మాట. థర్మాకోల్ పళ్లేల్లో, ప్లాస్టిక్ దొప్పల్లో దీపాలు వదలడం ఈ మధ్య వచ్చిన వింత. ఆ పళ్లెం మర్నాడు గట్టుకు కొట్టుకువస్తుంది. దానిని మేక తింటుంది. మోదుగాకు దొన్నెలో పిండి ప్రమిద పెట్టి ఆవునేతి వత్తి వెలిగిస్తే చాలు. దీపం కొండెక్కాక పిండి చేపలకు ఆహారమవుతుంది, ఆకు కుళ్లి మట్టిలో కలుస్తుంది. గంగమ్మకు సమర్పించే గాజులనూ, రవికగుడ్డనూ నీటిలోకి విసరకుండా, నీటికి చూపి ఒడ్డున ఎదురైన ముత్తయిదువకు వాయనంగా ఇవ్వడం నా దృష్టిలో ఉత్తమం. పాలు అమ్మే ఇల్లాలో, గడ్డికోతకు వచ్చిన కూలి తల్లో ఎదురైతే ఆమెయే గంగమ్మ.

భోజనం ఇంటి నుంచి తీసుకుపోవలసిందే. అక్కడ పెద్ద హోటళ్లు ఉంటాయని ఆశించవద్దు. పులిహోర, దద్దోజనం, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఓళిగలు పొద్దు వాలే వరకు చెడిపోవు. కార్తీక నియమం ఉన్నవారు ఉల్లి, వెల్లుల్లి లేకుండా చూసుకుంటారని వేరే చెప్పనక్కరలేదు. తాగునీరు మనిషికి మూడు లీటర్ల చొప్పున లెక్క వేసుకోండి. ఉసిరి చెట్టు నీడ దొరకకపోవచ్చు. ఇది తుమ్మ, చింత, వేప పెరిగే నేల. ఇంటి నుంచి ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చుకుని చింత చెట్టు కింద నిలిపి పూజ చేసుకునేవారున్నారు. కొమ్మ విరిచే బదులు చిన్న ఉసిరి మొక్కను కుండీలో తెచ్చుకుని, పూజ అయ్యాక దగ్గరి పల్లెలో గుడి పూజారినో, బడి పంతులునో అడిగి, నీళ్లు పోసేవారున్న చోట నాటి వస్తే మరుసటి తరం కార్తీకానికి అది నీడ అవుతుంది. నాటి వదిలేస్తే మాత్రం వైశాఖానికి ఎండిపోతుంది. ఇది అనంతపురం జిల్లా.

మూడు గంటలకు మూటాముల్లే సర్దుకోండి. విస్తళ్లు, కాగితాలు, సీసాలు మీ వాహనంలోనే వెనక్కి రావాలి.

నీరు లేకపోతే?

అడిగి తెలుసుకున్నా ఒక్కొక్కప్పుడు మీకు వీలైన సెలవుకు, జలాశయంలో నీటికి పొత్తు కుదరదు. అప్పుడు కణేకల్లు చెరువును తలచుకోండి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే చెరువు గనుక స్థానిక వానలు మొహం చాటేసినా అక్కడ నీరు కనిపించే అవకాశం ఎక్కువ. దారిలో బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతాల్లో హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. గాలికి పొలాల మీదికి పాకే ఆ ఇసుకను పిల్లలకు చూపించండి. నదిని మరిచిన నేల ఎలా ఉంటుందో పుస్తకాలు చెప్పలేవు. ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన చెంబెడు నీటితో సంధ్యావందనం చేసుకున్న పెద్దలు మన వంశాల్లో ఉన్నారు. ఆ చెంబెడు నీరూ వేదవతియే.

ఈ నేల మీద నీటిని నిలపడానికి మన పూర్వులు పడిన తపన అంతా ఇంతా కాదు. తటాకం సప్తసంతానాల్లో ఒకటి. కొడుకుతో, గుడితో, కావ్యంతో, వనంతో సమానంగా నిలిచి తవ్వించినవాడి పేరు నిలబెడుతుందని నమ్మారు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డకట్ట వేసి అనంతపురం చెరువును కట్టించాడు. కట్ట రెండు కొసల్లో వెలసిన ఊళ్లే బుక్కరాయసముద్రం, అనంతసాగరం. సముద్రం, సాగరం! వాన దయ మీద బతికే నేలలో చెరువుకు ఆ పేర్లు పెట్టుకోవడంలో ఎంత ఆశ ఉందో చూడండి. గుమ్మఘట్ట మండలంలోనూ భూపసముద్రమనే ఊరుంది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం రోజుకు వెయ్యి మంది కూలీలు రెండేళ్ల పాటు శ్రమించారని లెక్క చెబుతుంది. లెక్కకు అందనిది ముసలమ్మ కథ. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడడానికి గండిలో నిలిచి ప్రాణమిచ్చిన ఆ కోడలిని మన సీమ మరిచిపోలేదు. 1899లో కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది ఆమె గురించే. ఏ చెరువు కట్ట మీద చెప్పులతో నడుస్తున్నా ఆ పేరు నాకు గుర్తుకొస్తుంది. చెప్పులు విప్పుతాను.

2022లో వాణీవిలాస సాగరం పొర్లిందన్న వార్త పత్రికలో చదివి వినిపించినప్పుడు అమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. వెంటనే వెళ్దామని మేమన్నాము. వరద తగ్గనివ్వమన్నది ఆమే. కార్తీకం వచ్చాక ఆదివారం వెళ్దామంటే అదీ వద్దన్నది. సెలవు లేని బుధవారం నాడు, ఇద్దరమే, అద్దె కారులో వెళ్లాము. రాయదుర్గంలో గణపతి ముందు ఆమె, పూజారి, నేను తప్ప నాలుగో మనిషి లేడు. ఎనిమిదిన్నరకు భైరవానితిప్ప. కట్టెక్కడానికి పది నిమిషాలు పట్టింది. నీరు కొండల దాకా పరుచుకుని ఉంది. గాలికి చిన్న అలలు రాళ్లకు తగులుతున్నాయి.

అమ్మ చాలాసేపు చూసింది. తరువాత నా భుజం పట్టుకుని ఒడ్డుకు దిగి, దేవుడి గూట్లో ఏళ్ల తరబడి ఉన్న ఆ పొట్లం విప్పింది. కుంకుమ రంగు వెలిసిపోయింది. నీటి అంచున బొట్టు పెట్టినట్టు మూడు చోట్ల ఉంచింది. గాజులు, రవికగుడ్డ బర్రెలు తోలుకొచ్చిన ఒక ఇల్లాలికి ఇచ్చి ఆమె చేత పసుపు పెట్టించుకుంది. వంగలేకపోతే నేను అందించగా, ఒక్కొక్క పిడికిలి చొప్పున ఐదు ముద్దలు గట్టున వేసింది. ఆరో ముద్ద అడిగి తీసుకుని, పొట్లం కట్టిన కాగితంలోనే చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇంటికి రాగానే దానిని తులసికోటలో వేసి నీళ్లు పోసింది.